కాశీ వెళ్తే సారనాథ్‌కి ఒక పూట పెట్టుకోండి

బుద్ధుడు తొలి ఉపదేశం చేసిన సారనాథ్‌కి కాశీ ప్యాకేజీ బస్సుల్లో ఇచ్చేది మహా అయితే గంటన్నర. స్తూపం, పెద్ద బుద్ధ విగ్రహం, దారిలో చీరల షాపు, అయిపోయింది. మ్యూజియం చాలామంది ఎగ్గొట్టేస్తారు. మన నోట్ల మీద, పాస్‌పోర్టు మీద ఉండే సింహాల అసలు శిల్పం ఉన్నది మాత్రం అక్కడే. అందుకే సొంతంగా వెళ్లడం మేలు. ఊళ్లోంచి పది కిలోమీటర్లే. శుక్రవారం మ్యూజియంకి సెలవు, చూసుకుని బయల్దేరండి.

మేం ఆటో మాట్లాడుకున్నాం. వద్దన్నా వినకుండా పట్టు చీరల షాపు ముందు ఆపేశాడు, అరగంట పోయింది. బేరం ఆడేటప్పుడే "షాపులు వద్దు" అని తెగేసి చెప్పండి.

మ్యూజియం హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఆ సింహాల శిల్పమే. ఏడడుగుల ఎత్తు, చునార్ ఇసుకరాయి. అశోకుడు నిలబెట్టిన స్తంభానికి తలకట్టు. 1905లో తవ్వకాల్లో దొరికింది. ఇన్ని వందల ఏళ్లు గడిచినా అద్దంలా నునుపు! దగ్గరికెళ్లి పంజాలు చూడండి, గోళ్లూ కండరాలూ ఉబ్బి కనిపిస్తాయి. నాలుగింటిలో రెండు సింహాల తలల పైభాగాలు విడిగా దొరికితే మళ్లీ అతికించారు.

సింహాల కాళ్ల కింద గుండ్రటి పట్టీ. దాని మీద ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం. మధ్యమధ్యలో 24 ఆకుల చక్రాలు. మిగతావన్నీ నడుస్తుంటే గుర్రం ఒక్కటే దౌడు తీస్తోంది. ఏనుగు బుద్ధుడి తల్లి మాయాదేవి కలకీ, గుర్రం సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లడానికీ గుర్తులని గైడ్లు చెప్తారు. పండితుల్లో వేరే వ్యాఖ్యానాలూ ఉన్నాయి.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం ఇప్పుడు లేని చక్రం. ఆ సింహాల పైన 32 ఆకుల పెద్ద ధర్మచక్రం ఉండేది. దాని ముక్కలే దొరికాయి. అంటే ఆ సింహాలు చక్రాన్ని మోస్తున్నాయన్నమాట! 1950 జనవరి 26న జాతీయ చిహ్నంగా తీసుకున్నప్పుడు పై చక్రం లేదు, పట్టీ కింద ఉండే పద్మాన్నీ వదిలేశారు. ముండకోపనిషత్తులోని 'సత్యమేవ జయతే' చేర్చారు. రాజముద్రలో మనకు కనిపించే గాంభీర్యం కంటే అసలు శిల్పంలో వినయమే ఎక్కువనిపించింది నాకు.

తర్వాత తవ్వకాల ఆవరణలోకి వెళ్లండి, టికెట్ వేరే. స్తంభం మొదలు విరిగి అక్కడే ఉంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో అశోకుడి హెచ్చరిక: బౌద్ధ సంఘాన్ని చీల్చే భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు, అంటే మామూలు గృహస్థుల బట్టలు, కట్టించి బయటికి పంపాలి. మ్యూజియం చూశాక ఇది చూస్తేనే ఆ తలకట్టు ఏ ఎత్తున ఉండేదో ఊహకొస్తుంది. బస్సులవాళ్లు చూపించే ఆ స్తూపం, ధమేక్ స్తూపం, పక్కనే, చెప్పక్కర్లేదు.

బసకి సారనాథ్‌లో విహారాల గెస్ట్‌హౌస్‌లున్నాయి, ప్రశాంతం. మేం మాత్రం కాశీలో తెలుగువాళ్ల సత్రంలోనే ఉన్నాం. గది సాదాసీదాగా ఉన్నా సాంబారన్నం దొరుకుతుంది, ఘాట్లకి నడిచిపోవచ్చు. సాయంత్రం హారతి చూడాలంటే సారనాథ్ నుంచి మూడున్నరకల్లా బయల్దేరండి, ఆ తర్వాత ట్రాఫిక్ నరకం.