కార్డు మోసం జరిగితే డబ్బు ఎవరిది పోతాది? క్రెడిట్ కార్డా, డెబిట్ కార్డా, ఏది మేలు

రూలు చూస్తే రెండిటికీ దాదాపు ఒకటేనబ్బా. 2017 జులైలో ఆర్బీఐ ఏం చెప్పిందంటే, తప్పు బ్యాంకుదైతే మనం రూపాయి కూడా భరించే పని లేదు. తప్పు బ్యాంకుదీ కాదు మనదీ కాదు, మధ్యలో ఎవడో కొట్టేసినాడంటే, మెసేజ్ వచ్చినాక 3 వర్కింగ్ డేస్‌లో చెప్తే అప్పుడూ సున్నానే. 4 నుంచి 7 రోజులైతే మామూలు సేవింగ్స్ అకౌంటుకీ, 5 లక్షల లోపు లిమిట్ ఉండే క్రెడిట్ కార్డుకీ గరిష్ఠంగా 10,000 మన నెత్తిన, లిమిట్ అంతకు మించితే 25,000. ఇంకా లేటయితే బ్యాంకు పాలసీ ఎట్లుంటే అట్ల.

మరి తేడా యాడుంది అంటే, ముందు ఎవరి డబ్బు పోయిందనే దాంట్లో. డెబిట్ కార్డయితే పోయేది మన జీతం. చెప్పిన 10 వర్కింగ్ డేస్‌లో బ్యాంకు తాత్కాలికంగా తిరిగి వేయాలని రూలుంది సరే, ఆ లోపలే ఇంటి బాడుగ, పిల్లోళ్ల ఫీజు, చీటీ అన్నీ వచ్చి మీద పడతాయి కదా, ఈఎంఐ బౌన్సయితే దాని ఫైన్ వేరే. క్రెడిట్ కార్డులో గొడవంతా బిల్లు మీదే, అకౌంట్లో డబ్బు అట్లే ఉంటాది. మోసమని డిస్ప్యూట్ పెట్టినదానికి తేలేదాకా చార్జీలు వేయకూడదని 2022 ఆర్బీఐ రూల్స్‌లో కూడా ఉంది.

ఓటీపీ చెప్పేసినామా, ఏ కార్డయినా ఒకటే. బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే, చెప్పినాక పోయేది మాత్రం బ్యాంకుది. అందుకే ముందు కార్డు బ్లాక్ చేయించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాల, బంధువులకి ఫోన్లు తర్వాత.

మన తిరపతిలో ఇంకో రకం ఉంది. కొండ మీద రూములని దొంగ వెబ్‌సైట్లు, టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించినా కట్టేవాళ్లు కడతానే ఉండారు. అక్కడ మనమే ఓటీపీ కొట్టి కట్టినాం కాబట్టి పై రూలు నమ్ముకోలేం. కార్డుతో కట్టుంటే సర్వీసు ఇవ్వలేదని చార్జ్‌బ్యాక్ అన్నా, అంటే కట్టిన డబ్బు మన కార్డు బ్యాంకు ద్వారా వెనక్కి అడగొచ్చు, ఎవడి సొంత అకౌంటుకో యూపీఐలో పంపేసినదానికి ఆ దారి కూడా లేదు.

షాపోళ్ల కత వేరే. ఓటీపీ అడగని విదేశీ కార్డుతో లింకులో పేమెంటు తీసుకుంటే, రేపు ఆ కార్డు ఓనరు నేను కట్టలేదంటే మామూలుగా నష్టం షాపుకే. సరుకూ పాయె, డబ్బూ పాయె.

నన్నడిగితే ఆన్‌లైన్‌కి క్రెడిట్ కార్డే మేలు, బిల్లు టయానికి పూర్తిగా కట్టేవాళ్లకైతేనే. డెబిట్ కార్డుకి యాప్‌లో ఆన్‌లైన్, ఇంటర్నేషనల్ రెండూ ఆఫ్ చేసి ఏటీఎంకి మాత్రం పెట్టుకోండి.