తంగేడు పూల పరీక్షకు ఏది మేలు: ఈస్ట్ ఎంజైమా, ఎలుక పేగు ఎంజైమా?

కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల మెట్ట పొలాల గట్ల మీద విరగబూసే తంగేడు పూలను ఎండబెట్టి, షుగరు తగ్గుతుందన్న నమ్మకంతో కషాయం కాచుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కషాయానికి ఆల్ఫా గ్లూకోసైడేజ్‌ను, అంటే పేగులో చక్కెరలను గ్లూకోజుగా విడగొట్టే ఎంజైమును, అడ్డుకునే గుణం ఉందో లేదో తేల్చదలచిన విద్యార్థి ఎంజైమును ఈస్ట్ నుంచి తీసుకోవాలా, ఎలుక చిన్నపేగు పొడి నుంచి తీసుకోవాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

ఈస్ట్ ఎంజైముతో పని త్వరగా తెములుతుంది. పీఎన్‌పీజీ అనే కృత్రిమ పదార్థాన్ని అది విడగొట్టినప్పుడు వచ్చే పసుపు రంగును 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. రంగు తగ్గిన కొద్దీ నిరోధం, అంటే ఎంజైమును అడ్డుకోవడం, ఎక్కువన్నమాట. తంగేడు కషాయానిదీ పసుపు రంగే కనుక, ప్రతి మోతాదుకూ ఎంజైము కలపని గొట్టం ఒకటి విడిగా పెట్టి ఆ అంకెను తీసివేయకపోతే నిరోధం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

అసలు చిక్కు పోలికలో ఉంది. పోలికకు ప్రమాణంగా వాడే అకార్బోస్ అనే షుగరు మందు క్షీరదాల పేగు ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుంది గానీ, ఈస్ట్ ఎంజైము మీద దాని ప్రభావం చాలా బలహీనం. అందువల్ల ఈ పరీక్షలో ఎన్నో మొక్కల సారాలు అకార్బోస్‌ను మించినట్టు కనిపిస్తాయి. మాత్రలు మానేసి కషాయం మీదే ఆధారపడే మనుషులున్న ఊళ్లలో, ఇలా పుట్టిన "మందుకంటే పువ్వే మేలు" అన్న మాట ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలుక పేగు ఎంజైముకు మాల్టోజ్, సుక్రోజ్ వంటి అసలైన చక్కెరలనే ఇచ్చి, విడుదలైన గ్లూకోజును కొలుస్తారు. ఇందులో శ్రమ ఎక్కువే. సారంలో ముందే ఉన్న గ్లూకోజును లెక్కలోంచి తీసివేయాలి. గ్లూకోజు ఉన్న కొద్దీ రంగు వచ్చే గ్లూకోజ్ ఆక్సిడేజ్ పద్ధతిలో కొలిస్తే, సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు రంగు రాకుండా చేసి లేని నిరోధాన్ని చూపగలవు కనుక, తెలిసిన గ్లూకోజుకు సారం కలిపి కూడా కొలిచి చూసుకోవాలి. అయినా నా ఓటు దీనికే. నమూనాలు చాలా ఉన్నప్పుడు ఈస్ట్ పరీక్ష తొలి వడపోతకు చాలు. డబ్బు ఒక్కదానికే సరిపోతే మాత్రం నమూనాలు తగ్గించుకుని పేగు ఎంజైమునే ఎంచుకోవాలి.

రెండింటికీ వర్తించే జాగ్రత్త టానిన్ల గురించి, అంటే మొక్కల్లోని వగరు పదార్థాల గురించి. తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్కను వాడేది వాటి కోసమే. అవి ఏ ప్రోటీనునైనా పట్టేస్తాయి; ఎంజైమూ ప్రోటీనే కనుక దాన్నీ పట్టేసి నిరోధంలా కనిపిస్తాయి. టానిన్లను పట్టుకునే పీవీపీపీ అనే పొడితో వాటిని తొలగించి మళ్లీ కొలిచినప్పుడు కూడా నిరోధం నిలిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జనం తాగేది నీటి కషాయమే కాబట్టి, మిథనాల్ అనే ద్రావకంతో తీసిన సారం ఫలితాన్ని దానికి అంటగట్టకూడదు.