థెరాబ్యాండ్: భుజానికి, చీలమండకు భేష్, పిక్కకు చాలదు

భుజం నొప్పికో, కాలి బెణుకుకో ఫిజియో దగ్గరికి వెళ్తే ముందుగా చేతికొచ్చే వస్తువుల్లో థెరాబ్యాండ్ అనే ఈ రబ్బరు పట్టీ ఒకటి. పెద్ద రోల్‌లోంచి మీటరున్నర ముక్క కత్తిరించి ఇస్తారు. చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, చిన్న కండరాలకు ఇంత చవకలో ఇంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. పెద్ద కండరాలకు కూడా దీన్నే నమ్ముకుంటే మాత్రం కోలుకోవడం సగంలో ఆగిపోతుంది.

రంగుల లెక్క ముందు చూడాలి. థెరాబ్యాండ్‌లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు వరసలో గట్టిదనం పెరుగుతుంది. ఉన్న పొడవుకు రెట్టింపు సాగదీస్తే పసుపు 1.3 కిలోల బరువు చూపిస్తుంది. ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోలు. వేరే కంపెనీల రంగులు ఇదే వరసలో ఉండవు, కాబట్టి ఫిజియో 'ఎరుపు' అన్నారని ఏదో ఒక ఎరుపు కొనేయకూడదు.

రంగు ఒక్కటే చూస్తే సరిపోదు, బలంలో సగం పట్టుకున్న పొడవు మీద ఉంటుంది. 60 సెంటీమీటర్ల పసుపు పట్టీని మరో 60 లాగితే 1.3 కిలోలు. అదే పట్టీని 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని అదే 60 లాగితే బరువు 2 కిలోల దగ్గరికి పోతుంది. 'నిన్న తేలిగ్గా ఉంది, ఇవాళ నొప్పెట్టింది' అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. పట్టుకునే చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి, నిలబడే చోట నేలమీద టేపు ముక్క అంటించండి. ఇబ్బంది తీరిపోతుంది.

ఈ పట్టీ అసలు సత్తా భుజంలో తెలుస్తుంది. కీలు గుంతలో బంతిని సరిగ్గా నిలిపి ఉంచే రొటేటర్ కఫ్ కండరాలు చిన్నవి, వాటికి డంబెల్ కన్నా ఇదే నయం. కుడి భుజానికైతే ఎడమ పక్క కిటికీ వైపు ఉండేలా నిలబడాలి. పట్టీ ఒక కొనను కిటికీ ఊచకు మోచేతి ఎత్తులో కట్టి, రెండో కొనను కుడిచేత్తో పట్టుకోవాలి. మోచేతిని 90 డిగ్రీలు మడిచి, దానికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, ముంజేతిని పొట్ట దగ్గర నుంచి బయటికి తిప్పాలి. రెండు సెకన్లలో బయటికి, మూడు నాలుగు సెకన్లలో వెనక్కి. వెనక్కి వచ్చేటప్పుడు వదిలేస్తే సగం వ్యాయామం పోయినట్టే. తువ్వాలు జారి పడిందంటే మోచేయి పక్కకు లేస్తోందని అర్థం. మణికట్టు వెనక్కి వంగుతున్నా, భుజం చెవి వైపు లేస్తున్నా రంగు ఎక్కువైందన్నమాట, ఒక మెట్టు దిగండి. 10 నుంచి 15 చొప్పున మూడు సెట్లు చాలు. పదిహేనయ్యాక ఇంకో రెండు మూడు చేయగలం అనిపించినప్పుడే తర్వాతి రంగు.

నొప్పికి కొలత: చేసేటప్పుడు పదికి మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి పాత స్థితికి రావాలి. రాకపోతే ముందు సెట్లు తగ్గించాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే ఫ్రోజెన్ షోల్డర్‌కు (భుజం నొప్పితో బిగుసుకుపోవడం), రాత్రి నిద్ర పట్టనివ్వని తొలి దశలో, ఈ పట్టీ జోలికి పోవద్దు. మంట తగ్గకముందే లాగితే ఇంకా రేగుతుంది.

చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం పాదం లోపలికి మడతపడటం వల్లే, దెబ్బ తినేది బయటి వైపు లిగమెంట్, అంటే ఎముకను ఎముకతో కలిపే గట్టి తంతువు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే, పట్టీ సంగతి తర్వాత. వాపు తగ్గాక కాలు చాపి కూర్చుని, పట్టీని చిటికెన వేలి మొదలు దగ్గర చుట్టి, రెండో కొనను రెండో కాలి వైపున్న మంచం కోడుకు కట్టి, పాదాన్ని బయటికి తిప్పాలి. మోకాలి చిప్ప పైకప్పునే చూస్తూ ఉండాలి. అది కూడా తిరుగుతోందంటే పని చేసేది తుంటి, చీలమండ కాదు. పట్టీని పాదం నడిమికి చుడితే జారుతుంది.

అయితే బెణుకు మళ్లీ రాకుండా కాపాడేది ఒక్క పట్టీ కాదు. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం, అది తేలికయ్యాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద. పళ్లు తోముకుంటూ కూడా చేయొచ్చు. నొప్పి పోగానే దీన్ని మానేస్తారు, అదే కాలు మళ్లీ మడతపడుతుంది.

పిక్కకు, తొడకు వచ్చేసరికి దీని పస అయిపోతుంది. ఒంటికాలి మీద మడమ ఎత్తితే దాదాపు ఒంటి బరువంతా పిక్క మీద పడుతుంది. ఆ పక్కన నలుపు పట్టీ 3.3 కిలోలు ఎంత? పిక్కను మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ నొప్పికి 1998లో స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్రెడ్‌సన్ చెప్పిన పద్ధతిలో పట్టీయే లేదు. మెట్టు అంచున నిలబడి మడమను నిదానంగా కిందికి దింపడం. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సెట్లు, కొద్దిగా మడిచి మరో మూడు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లకూ అంతే. మొదటి వారాల్లో పట్టీ పనికొస్తుంది, తర్వాత ఫిజియో చెప్పినట్టు బరువులకు మారకపోతే తొడ సన్నగానే ఉండిపోతుంది.

మన్నిక గురించి. ఈ పట్టీ లేటెక్స్ అనే రబ్బరు, దానికి ఎండ, నూనె, చెమట పడవు. కొబ్బరినూనె చేతులతో పట్టుకుంటే త్వరగా జిగటగా అవుతుంది. అప్పుడప్పుడూ నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడరు చల్లి పెట్టుకోవాలి. కిటికీ ఊచకు నేరుగా కడితే తుప్పు అంచు కోసేస్తుంది, పాత గుడ్డ చుట్టి కట్టండి. తలుపు సందులో ముడి ఇరికిస్తే, లాగినప్పుడు తలుపు ఇంకా బిగుసుకునే వైపునే నిలబడాలి. ఉంగరం తీసేయాలి. లాగే ముందు వెలుతురుకు పట్టి చూస్తే సూది మొనంత చిల్లు కూడా కనిపిస్తుంది, కనిపిస్తే ఆ పట్టీ పని అయిపోయినట్టే. తెగినది ముఖం మీదికే వస్తుంది, కాబట్టి కళ్లకు ఎదురుగా లాగొద్దు. టమాటా మొక్కలు కట్టుకోవడానికి మాత్రం పాత ముక్క బాగుంటుంది.

లేటెక్స్ పడక చర్మం దద్దుర్లెక్కేవాళ్లకు లేటెక్స్ లేని రకం దొరుకుతుంది. మిగతావాళ్లు అయిదు రంగుల సెట్టు కొననక్కర్లేదు. ఫిజియో చెప్పిన రంగొకటి, దాని పై రంగొకటి, మీటరున్నర చొప్పున చాలు.