గుంతకల్లులో చేయించుకున్న టేకు ఇంజను: డచ్చి వాళ్ల 6300

స్టేషన్ రోడ్డు వెనక సందులో టేకుతో, ఇత్తడితో రైలింజన్ల నమూనాలు చేసే ఆచారి దుకాణం ఉంది. బోర్డు లేదు, లేత్ చప్పుడే గుర్తు. మన వైపీ, వైజీ ఇంజన్లు అడిగితే కొలతలు చూడకుండా చేసిస్తాడు. నేను అడిగింది ఆయన ఎన్నడూ చూడంది: నెదర్లాండ్స్ రైల్వే 6300 శ్రేణి ట్యాంకు ఇంజను. ఐండ్‌హోవెన్‌లో ఉండే మా అల్లుడు ఉట్రెక్ట్ రైల్వే మ్యూజియంలో 6317ను అన్ని పక్కలా ఫోటోలు తీసి పంపినాడు. ఆ శ్రేణిలో మిగిలింది అదొక్కటే.

దీని మీద నాకెందుకింత పిచ్చి అంటే, లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసినోణ్ణి నేను. టెండరు ఇంజను, అంటే నీళ్లూ బొగ్గూ వెనక తగిలించిన వేరే బండిలో మోసేది, రైలును తెచ్చి వదిలినాక టర్న్‌టేబుల్ మీద తిరగాల. తిప్పకుండా వెనక్కి నడిపితే ముందు టెండరే అడ్డం, డ్రైవరుకు లైను సరిగా కనపడదు, బొగ్గు దుమ్మంతా కళ్లల్లోకే. ట్యాంకు ఇంజనుకు ఆ బాధ లేదు. నీళ్లు బాయిలరుకు రెండు పక్కలా తొట్లలో, బొగ్గు క్యాబు వెనక బంకరులో. ఎటు తోలినా ఒకటే. మన చిత్తరంజన్‌లో కట్టిన డబ్ల్యూటీ కూడా ఈ కులందే. కాకపోతే దానికి ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నాలుగు. 6300కు ముందూ నాలుగే, వెనకా నాలుగే, నడుమ ఎనిమిది పెద్ద చక్రాలు.

1930, 31లలో కట్టినవి మొత్తం 22. కొన్ని హెన్‌షెల్, మిగతావి ష్వార్ట్జ్‌కాఫ్. రెండూ జర్మనీ కంపెనీలే. అంతకు కాస్త ముందు వచ్చిన 3900 శ్రేణి ప్యాసింజరు ఇంజను నుంచే దీని డిజైను పుట్టింది. బరువు 127 టన్నులు, సిలిండర్లు నాలుగు. పని ఎక్కడంటే, దక్షిణాన లింబర్గ్‌లో. అక్కడి గనుల బొగ్గు బండ్లను లాగడానికే వీటిని తెప్పించుకున్నారు. దూరం తక్కువ, బరువు ఎక్కువ, పోయి రావడమే పని. అట్లాంటి చోట ట్యాంకు ఇంజన్ను మించింది లేదు. దూరాలకు మాత్రం పనికిరాదు, తొట్లలో నీళ్లు ఎన్నని పడతాయి? నీళ్లు తగ్గేకొద్దీ చక్రాల మీద బరువూ తగ్గి, పట్టు కూడా తగ్గుతుంది.

ఇక ఆచారి పని. స్కేలు 1:20. అసలు పెద్ద చక్రం 1550 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 77న్నర రావాల. క్యాలిపర్ పెట్టి ఎనిమిదీ కొలిచినా. ఒక్కటి కూడా తేడా లేదు. కప్లింగ్ రాడ్లు ఇత్తడివి, చేత్తో తోస్తే నాలుగు జతల చక్రాలూ ఎక్కడా పట్టేయకుండా కలిసి తిరుగుతాయి. బాయిలరు ఒకే టేకు దిమ్మె నుంచి తీసినాడు, అతుకు లేదు. రంగు వద్దన్నా, ఉత్త స్పిరిట్ పాలిష్ చాలని. టేకు చారలు బాయిలరు పొడుగునా నడిచినాయి, చూస్తే కడుపు నిండుతుంది.

తప్పులూ ఉన్నాయి. మొదట పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజి లెక్కన 84 మిల్లీమీటర్లు పెట్టినాడు. "ఆచారీ, వాళ్లది 1435 గేజి, 72 దగ్గర రావాల" అంటే, "అట్లనా సార్, ఇరుకు లైనా వాళ్లది!" అని ఇరుసులన్నీ ఊడదీసి మళ్లీ చేసినాడు. దానికి పైసా అడగలేదు. రెండోది పెద్దది. ముందు బోగీ (రైలు పెట్టె కాదు, ఇంజను కింద నాలుగు చిన్న చక్రాలుండే చట్రం) వంపులో చక్కగా తిరిగింది గానీ, వెనక బోగీ బంకరు కింద మెట్టుకు తగిలి పట్టాలు దిగింది. బోగీలు రెండూ ఒకే తీరుగా తిరగకపోతే దాన్ని ట్యాంకు ఇంజనని ఎట్లంటాం? ఆ మెట్టును ఆకురాయితో సన్నం చేసినాక సరిపోయింది. లోపలి సిలిండర్లు రెండూ మాత్రం చెయ్యలేదు. "కనపడవు గదా సార్" అన్నాడు. కనపడకపోయినా ఉండాలనేది నా పట్టు, దానికి వేరే రేటు మాట్లాడుకున్నాం.

నాకు పడింది 18,000. యంత్రంతో పోసిన ప్లాస్టిక్ బొమ్మలతో పోల్చి ఎక్కువ అనొద్దు. ఇది ఒక మనిషి చేతుల్లోంచి వచ్చింది.

నెదర్లాండ్స్ రైల్వేలో ఆవిరి ఇంజన్ల కొలువు 1958 జనవరి 7తో ముగిసింది. 1965లో లింబర్గ్ బొగ్గు గనులు మూసేయాలని అక్కడి ప్రభుత్వం తీర్మానించింది, 1974 ఆఖరుకు చివరి గని కూడా మూతపడింది. 22లో ఒక్కదాన్నన్నా దాచుకున్నందుకు ఆ మ్యూజియం వాళ్లకు దండం పెడతా.

చేయించుకునేవాళ్లకు ఒక మాట: ఫోటోలొక్కటే ఇయ్యొద్దు. గేజి, చక్రం కొలత, బోగీ పివట్టు (అది తిరిగే నడిమి బిందువు) చోటు కాగితం మీద రాసియ్యండి. సాయంత్రం పూట పోండి, పొద్దున ఆయన తలుపుల పనిలో ఉంటాడు.