15 జీబీ ఉచిత మెయిల్: రిటర్నులు వేసే ఆఫీసు నుంచి ఒక రివ్యూ

జులై వచ్చిందంటే మా ఆఫీసులో ఎవరికీ ఊపిరాడదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్యాక్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజుకి నలభై యాభై మంది మెయిళ్లు మా చేతుల మీదుగా వెళ్తాయి: ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ పంపే ఓటీపీలు. కంప్యూటర్ చదువు నేనేం చదవలేదు గానీ, ఉచిత మెయిల్ సర్వీసులు మామూలు మనుషుల చేతుల్లో ఎలా పనిచేస్తాయో, ఎక్కడ మొరాయిస్తాయో ఇన్నేళ్లుగా దగ్గర్నుంచి చూస్తున్నాను. "ఇంత పెద్ద కంపెనీలు, అన్‌లిమిటెడ్ స్టోరేజీ ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుంది" అని చాలామంది అంటుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని. ఒక మాస్టారి సంగతి చూశాక ఆ మాట అనడం మానేశాను.

నవంబరులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు "రిఫండ్ ఇంకా పడలేదమ్మా, మా వాళ్లందరికీ వచ్చేసింది" అంటూ వచ్చారు. రిటర్ను మేం వేసింది కాదు, ఆయన మేనల్లుడు ఇంట్లో కూర్చుని వేశాడు. పోర్టల్ తెరిచి చూస్తే సెప్టెంబరులోనే 139(9) కింద, రిటర్నులో లోపం ఉందని నోటీసు వచ్చి ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద బ్యాంకు ముందే పట్టుకున్న పన్ను (టీడీఎస్) వెనక్కి ఇమ్మని అడిగారు గానీ, ఆ వడ్డీని ఆదాయంలో చూపించలేదు. చిన్న తప్పే, సరిదిద్దుకోవడానికి పదిహేను రోజులు గడువిస్తారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. చివరికి డిసెంబరు 31 లోపు ఐదు వేలు లేటు ఫీజు కట్టి, రిటర్ను మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది.

"నోటీసు మెయిల్‌కి కూడా పంపుంటారు కదా మాస్టారూ, చూసుకోలేదా?" అని అడిగాను.

"రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. ఈమధ్య ఏమీ రావట్లేదు, పోన్లే ప్రశాంతంగా ఉంది అనుకున్నా."

ఆ మాటకి నాకు గుండె గుభేలుమంది. ఈ రోజుల్లో మూడు నెలల పాటు ఏమీ రాని మెయిల్ ఎవరికైనా ఉంటుందా? కనీసం చీరల ఆఫర్లైనా వస్తాయి కదా. ఫోన్ తీసుకుని చూస్తే పైన ఎర్రగా ఒక గీత, స్టోరేజీ నిండిపోయింది, మెయిళ్లు రావు, పోవు అని ఇంగ్లీషులో రాసి ఉంది. "నిండిపోయిందండీ" అంటే ఆయన "నిండటమేంటమ్మా, అదేమైనా గాదెనా" అన్నారు. ఆ ఎర్ర గీత ఆయన చూడకపోలేదు, ఎన్నోసార్లు చూశారు. కానీ దాని పక్కనే కొనుక్కోండి అనే బటన్ ఉండటంతో అదీ ఒక ప్రకటనే అనుకున్నారు. అందులో ఆయన తప్పేముంది? పోర్టల్ వాళ్ల ఎస్సెమ్మెస్ కూడా వచ్చే ఉంటుంది, లోను ఆఫర్ల కింద ఎక్కడో మునిగిపోయి ఉంటుంది.

దేనికెంత చోటు పట్టిందో లోపలికి వెళ్లి చూశాం. మొత్తం 15 జీబీ. అందులో ఫోటోలు, వీడియోలు కలిపి 14 జీబీ పైమాటే. పన్నెండేళ్ల మెయిళ్లన్నీ కలిపి 0.8 జీబీ. అన్నిటికంటే పైన ఉన్న ఫైలు తెరిస్తే నల్లటి తెర, బస్సు రొద, కండక్టరు ఎవరినో చిల్లర అడుగుతున్న గొంతు. జేబులో ఫోన్ కెమెరా పొరపాటున ఆన్ అయ్యి పన్నెండు నిమిషాలు తీసిన వీడియో అది, ఒకటిన్నర జీబీ. ఆ తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియోలు వరసగా ఉన్నాయి. అంటే చోటు తినేసింది ఫోటోలైతే, రావడం ఆగిపోయింది మాత్రం మెయిళ్లు. ఆయన మెయిల్ ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, పెద్ద సర్వీసులు చాలావాటిలో ఇదే పద్ధతి ఉంది కాబట్టి ఒక్కరి పేరు పెట్టడం న్యాయం కాదు.

ఇక చోటు సంగతి. మామూలు మెయిల్ ఒకటి 75 కేబీ ఉంటుందనుకుందాం, అది ఉదారంగా వేసిన లెక్కే. 15 జీబీలో అలాంటివి రెండు లక్షలకు పైగా పడతాయి. రోజుకి ఇరవై వచ్చినా, ఒక్కటీ తుడవకపోయినా, నిండటానికి ఇరవై ఎనిమిదేళ్లు పడుతుంది. కాబట్టి ఉత్తరాల కోసమైతే అన్‌లిమిటెడ్ అవసరమే లేదు, 5 జీబీ ఇచ్చినా మామూలు మనిషికి పదేళ్లకు దగ్గరగా సరిపోతుంది. నింపేవి అటాచ్‌మెంట్లు. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మెయిల్ పుట్టిన రోజుల్లో అది ఒట్టి అక్షరాలు మాత్రమే మోసేది, అందుకని ఇప్పటికీ ఫోటో పంపినా పీడీఎఫ్ పంపినా దాన్ని ముందు అక్షరాలుగా మార్చి పంపుతారు. ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. అంటే 3 ఎంబీ ఫైలు మెయిల్‌లో 4 ఎంబీ అవుతుంది. 25 ఎంబీ దాకా పంపొచ్చు అని రాసి ఉన్నచోట 20 ఎంబీ స్కాన్ కాపీ ఒక్కోసారి వెళ్లకపోవడానికి కారణం అదే. మా క్లయింట్లు ఇల్లు కొన్న దస్తావేజుని ఫోన్‌తో పేజీకో ఫోటో తీసి ముప్పై ఫోటోలు పంపిస్తే, అవి వాళ్ల సెంట్ మెయిల్‌లో ఒకసారి, మా ఇన్‌బాక్స్‌లో ఒకసారి, మేం సార్‌కి ఫార్వర్డ్ చేస్తే ఇంకోసారి చోటు తింటాయి. అదే ఒక్క పీడీఎఫ్ చేసి పంపితే 3, 4 ఎంబీలతో పోతుంది. దయచేసి పీడీఎఫ్ చేసి పంపండి, ఇది మా ఆఫీసు వాళ్లందరి తరఫునా అడుగుతున్నాను.

అసలు ఈ అన్‌లిమిటెడ్ ఆశ మనకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా గుర్తుంది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఇస్తామంటూ వస్తే చాలామంది ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు. అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. నేను డిగ్రీ చదివే రోజులవి. నెట్ సెంటర్‌లో గంటకి డబ్బు కట్టి కూర్చుంటే మొదటి పది నిమిషాలు పాత మెయిళ్లు తుడవడానికే పోయేవి. ఎవరైనా ఇన్విటేషన్ పంపితేనే జీమెయిల్ ఖాతా దొరికేది, దానికోసం సీనియర్లని బతిమాలిన వాళ్లు నా వయసు వాళ్లలో ఎంతమందో. మరుసటి ఏడాది అదే రోజున దాన్ని 2 జీబీ చేసి, ఎంత చోటుందో చూపించే అంకె మొదటి పేజీలో క్షణక్షణం పెరుగుతూ ఉండేలా పెట్టారు. ఇక జీవితంలో ఏదీ తుడవక్కర్లేదు అనే అలవాటు మనకి అక్కడే పడింది.

తర్వాత 2007 మార్చిలో యాహూ ఏకంగా అన్‌లిమిటెడ్ అని ప్రకటించింది. రెడిఫ్‌మెయిల్ కూడా అదే మాట చెప్పుకుంది. 2013కి వచ్చేసరికి యాహూ అన్‌లిమిటెడ్ కాస్తా 1 టీబీ (సుమారు వెయ్యి జీబీ) అయింది, 2025లో దాన్ని 20 జీబీకి దించారు. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు కొంచెం సైజు తగ్గించిన ఫోటోలు ఎన్నైనా ఉచితంగా దాచుకోండి అన్నారు, 2021 జూన్ 1 నుంచి అవి కూడా లెక్కలోకి వచ్చేశాయి. కాలేజీలకి గూగుల్ ఇచ్చిన అపరిమితమైన చోటు కూడా సంస్థ మొత్తానికి 100 టీబీ అనే లెక్కలోకి మారింది. ఇవన్నీ వరసగా చూస్తే నాకు తోచేదేమిటంటే, అన్‌లిమిటెడ్ అన్నది కస్టమర్లని పోగుచేసుకునే రోజుల మాట. జనం సర్దుకోవడం మానేసి, ఇరవై ఏళ్ల సామాను అక్కడే పెట్టుకున్నాక, ఇల్లు ఖాళీ చేయలేరని తెలిసిన రోజున అద్దె మొదలవుతుంది.

ఆ అద్దె ఎంత అంటే, గూగుల్ దగ్గర 100 జీబీ ప్లాన్ 2025లో మన దేశంలో నెలకి 130 రూపాయలు ఉండేది, ఏడాదికి కడితే 1300. పెద్ద డబ్బు కాదు, అవసరమున్నవాళ్లు కట్టడంలో తప్పేమీ లేదు. మీరు డిలీట్ చేయని ప్రతి మెయిలూ ఎక్కడో ఒక డిస్కు మీద ఉంటుంది, అది పాడైతే పోకుండా ఇంకోచోట నకలు ఉంటుంది, వాటికి కరెంటు కావాలి, చల్లదనం కావాలి. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) 2022 నవంబరు నుంచి నడుస్తోంది, విశాఖలో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ గురించి 2025 అక్టోబరులో పేపర్ల నిండా చదివాం. క్లౌడ్ అంటే మబ్బు కాదు, మన ఊళ్ల పక్కన కరెంటు తాగే బిల్డింగులు. కాబట్టి ఊరికే హద్దు లేకుండా ఇమ్మని నేను అడగను. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఒకసారి కట్టి 60 జీబీ దాకా నింపుకున్నాక, మళ్లీ కట్టడం మానేస్తే 15 జీబీ హద్దు దాటిపోయినట్టే, మెయిల్ ఆగిపోతుంది. నింపే ముందే ఆలోచించుకోవాలి.

సర్వీసుల వారీగా నా అభిప్రాయం చెప్తాను. జీమెయిల్‌లో వెతకడం, స్పామ్ ఆపడం నిజంగా గొప్పగా ఉంటాయి, వాటికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. 15 జీబీ కూడా చాలు. కానీ 2013 నుంచి మెయిల్, ఫైళ్లు దాచుకునే డ్రైవ్, ఫోటోలు (సైజు తగ్గించినవైతే 2021 నుంచి) మూడూ ఒకే 15 జీబీలో సర్దుకోవాలి, ఆ ఒక్క పద్ధతికి ఒకటిన్నర కంటే ఎక్కువ ఇవ్వలేను. మైక్రోసాఫ్ట్ వాళ్ల అవుట్‌లుక్‌లో మెయిల్‌కి 15 జీబీ, ఫైళ్లు దాచుకునే వన్‌డ్రైవ్‌కి 5 జీబీ విడివిడిగా ఉన్నాయి కదా అని సంతోషించాను, 2023 ఫిబ్రవరి నుంచి మెయిల్‌లోని అటాచ్‌మెంట్లని కూడా ఆ 5 జీబీ లెక్కలో కలిపారు, అది నిండినా మెయిల్‌కి ఇబ్బందే. జోహో మెయిల్ ఉచిత ఖాతాకి 5 జీబీ, ప్రోటాన్ మెయిల్‌కి 1 జీబీ దాకా. వినడానికి తక్కువే అనిపిస్తుంది గానీ, పైన వేసిన లెక్క చూస్తే ఒట్టి ఉత్తరాలకి ఆ 5 జీబీ బాగానే సరిపోతుంది.

నేను కోరుకునేది ఏమిటంటే, ఉత్తరాల పెట్టె వేరుగా, ఫోటోల బీరువా వేరుగా ఉండాలి. బీరువా నిండితే బీరువా తలుపు మూసుకోండి, కానీ పోస్టుమ్యాన్‌ని గుమ్మం దగ్గర ఆపేస్తే ఎలా? నిండిన తర్వాత కూడా అటాచ్‌మెంట్ లేని చిన్న మెయిళ్లని ఇంకొన్నాళ్లు రానివ్వొచ్చు, రోజుకి ఇరవై వచ్చినా ఏడాదికి అర జీబీ చాలు. ఆపిన మెయిల్‌కి ఏమవుతుందో మామూలు జనానికి తెలియదు. పంపినవాళ్ల సర్వర్ మహా అయితే కొద్దిరోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి వదిలేస్తుంది, ఆ తర్వాత మనం ఎంత ఖాళీ చేసినా పోయింది పోయినట్టే. బ్యాంకు, ఆసుపత్రి రిపోర్టు, ఇన్‌కమ్ ట్యాక్స్, పిల్లల అడ్మిషన్ అన్నీ ఆ ఒక్క ఐడీ మీద నడుస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఆ హెచ్చరిక కూడా తెలుగు ఫోన్ వాడేవాళ్లకి తెలుగులో, కొనుగోలు బటన్ లేకుండా, 'రేపటి నుంచి మీకు ఉత్తరాలు రావు' అని సూటిగా చెప్పాలి.

అందాకా మన జాగ్రత్త మనది. జీమెయిల్ సెర్చ్‌లో larger:10M అని ఇంగ్లీషులో కొడితే 10 ఎంబీ దాటిన మెయిళ్లన్నీ ఒక్కచోటికి వస్తాయి, మా ఆఫీసు ఖాతాలో ఒక్క మధ్యాహ్నంలో 6 జీబీ అలాగే ఖాళీ చేశాను. డిలీట్ చేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, లేదంటే ముప్పై రోజులు చోటు అలాగే ఉంటుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత గూగుల్ ఖాతా ఉంటే ఒకసారి లాగిన్ అవ్వండి, రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలని తీసేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ముఖ్యమైన మెయిళ్లని గూగుల్ టేకౌట్ అనే సదుపాయంతో మొత్తం దింపుకుని ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో పెట్టుకోవచ్చు.

మాస్టారి విషయానికొస్తే, ఓణీల ఫంక్షన్ వీడియోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాం, కవరు మీద మనవరాలి పేరు రాసుకుని తీసుకెళ్లారు. జేబు వీడియో తీసేశాం. ఉత్తరాల కోసమే వేరే మెయిల్ ఖాతా తెరిచి, ఫోటోల బ్యాకప్ దానికి ఆన్ చేయకుండా వదిలేశాం. పోర్టల్‌లో, బ్యాంకులో, పెన్షన్ కాగితాల్లో, గ్యాస్ ఏజెన్సీ దగ్గర కొత్త ఐడీ ఇచ్చి రావడానికి ఆయనకి రెండు వారాలు పట్టింది. జనవరిలో రిఫండ్ ఇంటిమేషన్ ఆ ఐడీకి వచ్చింది. ఆయన దాన్ని మాకు ఫార్వర్డ్ చేస్తూ పైన తెలుగులో ఒక్క మాట టైప్ చేశారు: "అందిందమ్మా."