లెనిన్ సెంటర్‌లో కొన్న పాత నిఘంటువు

మా మేనకోడలు బీఏ ఇంగ్లిషు చదువుతోంది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. “మామయ్యా, ‘నేవ్’ (knave) అంటే దుర్మార్గుడని ఫోనులో ఉంది. మరి రాజు తన విదూషకుణ్ణి ‘నా ముద్దుల నేవ్’ అని ఎందుకు పిలుస్తాడు?” అని అడిగింది. మరునాడే గుంటూరులో రైలెక్కి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లాను.

నేను ఆగిన కొట్టు చిన్నది. యజమాని స్టూలు వేసి, “కూర్చుని చూసుకోండి మాస్టారూ” అన్నాడు. ముప్పావు గంటసేపు తిరగేసినా కొంటారా లేదా అని అడగలేదు. చేతిలో ఇమిడే కొత్త నిఘంటువులో ‘మోసగాడు, పాతమాట’ అని ఒక్క వరుసే ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. రెండోది అట్ట ఊడి, ఇటుకంత బరువుంది. వెతికినది అందులో దొరికింది.

పాత ఇంగ్లిషులో ‘క్నాఫా’ అంటే కుర్రవాడు. జర్మన్‌లో ‘క్నాబె’ అంటే ఇప్పటికీ బాలుడే. ఆ కుర్రవాడు ఇంగ్లండులో పనికుర్రవాడయ్యాడు, నౌకరయ్యాడు, చివరికి దగాకోరయ్యాడు. లియర్ నోట వినిపించేది ఆ పాత కుర్రవాడే. మన అమ్మమ్మలు మనవణ్ణి ‘దొంగా’ అంటూ ఒళ్లోకి లాక్కోరూ, అలాగ. అదే నాటకంలో కెంట్ ప్రభువు ఆస్వాల్డ్ అనే నౌకరును తిట్టేటప్పుడు మాత్రం అదే మాట కొరడాలా తగులుతుంది. పేకలో జాకీకి పాత పేరు కూడా ఇదేనట.

పేజీలు తిప్పుతుంటే మనసు చివుక్కుమంది. ‘వార్లెట్’ అనే తిట్టు కూడా మొదట సేవకుడే. మనం సినిమాల్లో చూసే ‘విలన్’ ఒకప్పుడు పల్లెలో భూస్వామి కింద బతికిన రైతు. కష్టం చేసుకునేవాళ్ల పేర్లే అక్కడ తిట్లయ్యాయి. మన ‘బంటు’కు ఆ గతి పట్టలేదు. హనుమంతుణ్ణి రామబంటు అని చేతులెత్తి మొక్కుతాం.

ఈ నిఘంటువుకు లోపాలున్నాయి. అక్షరాలు మరీ సన్నం, భూతద్దం కావాలి. డబ్ల్యూ తర్వాత పేజీలు లేవు. ఆ సంగతి నేను చూడకముందే యజమాని చెప్పి, నాలుగు వందల పుస్తకాన్ని రెండు వందల యాభైకి ఇచ్చాడు. ఒక మాట ఎప్పుడు ముద్దో, ఎప్పుడు తిట్టో ఉదాహరణలతో చూపించే పుస్తకానికి అది చాలా తక్కువ. సాహిత్యం చదివే పిల్లలున్న ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండి తీరాలి. కొనేముందు పేజీలన్నీ ఉన్నాయేమో చూసుకోండి.

రాత్రి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, “‘నా చిట్టి తుంటరీ’ అని రాసుకోనా మామయ్యా?” అంది. రాసుకోమన్నాను.