మా ఇనప బీరువా: ముప్పై ఏళ్ళు దాటాక రాస్తున్న సమీక్ష

1993 మే నెలలో మా పెళ్ళయింది. సారెతో పాటు మామగారు పంపిన ఇనప బీరువా ట్రాక్టరులో గడ్డి పరుపు మీద పడుకుని, అమలాపురం దగ్గర మా పల్లెకు వచ్చింది. ఏ షెడ్డులో చేసిన బీరువానైనా అప్పట్లో మా ఊళ్ళో గోద్రెజ్ బీరువా అనే అనేవారు. ఆ కంపెనీ 1923లోనే ఉక్కు బీరువాలు మొదలుపెట్టింది కదా, పేరు అలా స్థిరపడిపోయింది. మాది మాత్రం రాజమండ్రిలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టింది. ఆరున్నర అడుగుల ఎత్తు, బూడిద రంగు, ఎడమ తలుపుకి నిలువుటద్దం.

ముందు రేకు సంగతి. 20 గేజి రేకు చాలని షాపతను అంటే, మామగారు ‘మా అమ్మాయికి తక్కువ రకం ఇస్తానా’ అని పట్టుబట్టి 22 గేజి వేయించారు. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని ఆయనకు తెలీదు. 20 అంటే 0.9 మిల్లీమీటరు, 22 అంటే 0.7. షాపతను ‘మీ ఇష్టం బాబుగారూ’ అని ఊరుకున్నాడట. ఈ విషయం నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. మామగారు బతికున్నన్నాళ్ళూ వచ్చినప్పుడల్లా తలుపు మీద వేళ్ళతో కొట్టి ‘చూశావా అల్లుడూ, ఇరవై రెండు’ అనేవారు. నేను చూశానండీ అనేవాణ్ణి.

లోపల లాకరు, ఆ లాకరు అడుగున ఒక సీక్రెట్ అర. రేకు పక్కకి జరిపితే అర కనపడుతుంది. దాన్ని షాపులో కొనడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించి మరీ అమ్మేవారు. మా వీధిలో సారెకు వచ్చిన బీరువాలన్నిటికీ అదే చోట అదే అర. అయినా అందులో పెట్టిన వస్తువు ఎవరికీ తెలీదని మా నమ్మకం. తాళాల సంగతీ అంతే. తాళం వేసి, గుత్తిని బీరువా పైనే పాత క్యాలెండర్ల చుట్ట కింద పెడతాం. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా అక్కడే చెయ్యి పెడతారు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కింది అరలో ఉన్న పెళ్ళి ఆల్బమ్ అట్టకట్టింది. పై అరల్లో బట్టలూ, నా డిగ్రీ సర్టిఫికెట్లూ పొడిగానే ఉన్నాయి. అప్పటి తుప్పు మరక కాళ్ళ మీద ఇంకా ఉంది. రెండుసార్లు రంగు వేయించినా మళ్ళీ పైకొచ్చింది.

2009లో హైదరాబాదు వచ్చాం. లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మూడంతస్తులు మోశారు. మలుపులో గోడకి తగిలి ఒక సొట్ట. నైరుతి మూలన పెట్టి తలుపులు ఉత్తరం వైపు తెరుచుకోవాలన్నారు. అలా పెడితే కిటికీ సగం మూసుకుపోయింది. గాలికంటే వాస్తు ముఖ్యం కాబట్టి అలాగే ఉంచాం.

అసలు చెప్పాలనుకున్నది తాళాలతని గురించి. 2011లో ఒక పెళ్ళికి బయల్దేరే పూట గుత్తి కనపడలేదు. పట్టుచీరలన్నీ లోపల. మారుతాళాలు చేసే అతన్ని రోడ్డు మీద నుంచి పిలుచుకొచ్చాను. సైకిలు హ్యాండిలుకి పెద్ద రింగు, దానికి గాట్లు లేని తాళంచెవులు. ఒకటి లోపల పెట్టి గట్టిగా తిప్పాడు. బయటికి తీసి వెలుతురులో పట్టి దాని మీద పడిన చిన్న గీతల్ని చూశాడు. ఆ గీతల దగ్గర ఆకురాయితో రెండు రాపిడ్లు. మళ్ళీ పెట్టి తిప్పాడు, మళ్ళీ చూశాడు. ఆరేడు సార్లు. పావుగంట పట్టలేదు. హ్యాండిల్ కిందికి దిగింది, తలుపు కిర్రుమంది. ఆ క్షణంలో అతను వీపు తిప్పి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ‘చూసుకోండమ్మా’ అన్నాడు, అటే చూస్తూ. 0.7 మిల్లీమీటరు రేకు ఇవ్వని భరోసా ఆ వీపు ఇచ్చింది. నూటయాభై అడిగాడు, ఇచ్చాం. గుత్తి సాయంత్రం క్యాలెండర్ల వెనకాల దొరికింది.

మేమిద్దరం అంత మర్యాదస్తులం కాదు. మూడో అరలో పరిచిన పేపరు కింద మా ఆవిడ దాచుకునే డబ్బు సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పగానే నేను ఆమె వైపు చూడలేదు, ఆమె నా వైపు చూడలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ, ‘ఏమండీ, పేపరు కింద కొంచెం ఉంది. సీక్రెట్ అరలో ఎల్ఐసీ బాండ్ల వెనకాల మీది కూడా ఉందిగా, రెండూ కలిపి వేసేద్దాం’ అంది. బ్యాంకు ముందు లైన్లో నాలుగు గంటలు నిలబడ్డాం. మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కొత్తగా కొనేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. బట్టల్లో కలరా ఉండలు వేస్తాం కదా, పసిపిల్లల బట్టలు వాటితో పెట్టకండి. మనవడు పుట్టినప్పుడు పిల్లల డాక్టరు చెప్పారు: జీసిక్స్‌పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లలకి ఆ వాసన బట్టలు వేస్తే రక్తకణాలు చితికిపోయి కామెర్లు రావచ్చట. అప్పట్నుంచి ఉండలు మానేసి ఎండిన వేపాకు పెడుతున్నాం.

అద్దం ఇంకా బాగుంది. ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ ఒకసారి చూసుకుని పోతారు. మా అబ్బాయి మాత్రం గోడలోకి కప్‌బోర్డులు చేయిస్తానని, దీన్ని పాత ఇనప సామాన్లకి వేసేయమని అంటున్నాడు. కిలోల లెక్కన కొంటారట.

ఇక మిగిలిన లోపం ఆ కిర్రు. తలుపు తీస్తే వంటింట్లోకి వినిపిస్తుంది. బందుల్లో నాలుగు చుక్కలు మిషను నూనె వేస్తే పోతుందని తాళాలతను ఆ రోజే చెప్పాడు. మర్నాడే నూనె సీసా తెచ్చాను. బీరువా పైన, గుత్తి పక్కనే ఉంది. దాని మూత ఇంతవరకూ ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.